‘పనిచేయడం లేదు’ అని రాయకండి

ఇయర్‌బడ్స్ మీద వినియోగదారుల కమిషన్‌కు ఇవ్వాలని జనం రాసుకొస్తున్న ఫిర్యాదుల్లో ఈమధ్య ఒకే వాక్యం కనిపిస్తోంది: ‘వస్తువు పనిచేయడం లేదు.’ కేసును మొదటి రోజే చంపే వాక్యమిది. బడ్స్ చెవిలో పెట్టుకుంటే పాట వినబడుతుంది, కాల్ వస్తే మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్ ఆ బడ్స్‌ను ల్యాబ్‌కు పంపితే ‘బాగానే ఉంది’ అనే రిపోర్టు వస్తుంది, ఫిర్యాదు అక్కడితో సరి. జరిగిన నష్టం వేరు: ఏ ఫీచర్ చూసి డబ్బు పెట్టారో అది కొన్నవాడి ఫోన్‌లో రాదు.

బ్లూటూత్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, అందరూ ఒప్పుకున్న ప్రమాణం. ఎస్‌బీసీ అనే కోడెక్ (ధ్వనిని కుదించి పంపే పద్ధతి) బ్లూటూత్ స్టీరియో పరికరాలన్నింటిలో తప్పనిసరి కాబట్టే ఏ బడ్స్ అయినా ఏ ఫోన్‌తోనైనా పలుకుతాయి. దాని మీద కంపెనీలు సొంత హంగులు పేర్చుకుంటాయి. ఎయిర్‌పాడ్స్ ఒక పరికరం నుంచి ఇంకోదానికి తమంతట తామే మారేది యాపిల్ పరికరాల మధ్యే. శాంసంగ్ బడ్స్‌లో 360 ఆడియో కావాలంటే గెలాక్సీ ఫోన్ ఉండాలి. సోనీ తెచ్చిన ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా మోస్తుంది, ఐఫోన్‌లో మాత్రం ఆ కోడెక్కే లేదు. ఉమ్మడి ప్రమాణంలోనూ మెలిక ఉంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అందరిదీ, కానీ ఐచ్ఛికం. అట్టపెట్టె మీద ‘బ్లూటూత్ 5.3’ అని అచ్చేసినంత మాత్రాన లోపల ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో అంగడి ముందు నిలబడి కొనే మనిషికి ఇవన్నీ తెలిసి ఉండాలనడం అన్యాయం. తెలిసినవాడు అమ్మేవాడు, చెప్పాల్సినవాడూ అతనే.

సొంత ఫీచర్ తయారు చేసుకోవడం కంపెనీ హక్కు కదా అని వాదిస్తారు. నిజమే, ఆ హక్కును ఎవరూ కాదనడం లేదు. షరతు దాచే హక్కు మాత్రం లేదు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనేనని అదే చట్టం 2(28) సెక్షన్ చెబుతోంది. ‘కింద చుక్క గుర్తు పెట్టి రాశాం’ అన్నది రెండో వాదన. దీనికి తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్ 9న వచ్చిన మార్గదర్శకాలు చూడండి: ప్రకటనలో మాట ఏ భాషలో ఉందో షరతూ ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలి. హంగును తెలుగులో ఊరించి, షరతును చీమతలకాయంత ఇంగ్లీషులో పెడితే చెల్లదు. ఆన్‌లైన్ అమ్మకాల సంగతి ఇంకా స్పష్టం. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు అంటున్నాయి. అయినా కస్టమర్ కేర్ వాళ్లు ‘లోపం లేదు సార్’ అని పాత పాటే పాడుతుంటే ఒళ్లు మండుతుంది.

అందుకే మళ్లీ చెబుతున్నా, ‘పనిచేయడం లేదు’ అని రాయకండి. ‘ఫలానా తేదీన ఈ పేజీలో ఈ ఫీచర్ ఉందన్నారు, నా ఫోన్ ఈ మోడల్, ఇందులో అది రాదని ఎక్కడా చెప్పలేదు’ అని రాయండి. వ్యాపారి చెప్పిన మాటకు తగ్గినా చట్టం దృష్టిలో లోపమే, కాబట్టి కేసంతా ఆ చెప్పిన మాట మీదే నిలుస్తుంది. ఆ మాటకు సాక్ష్యమైన అట్టపెట్టెను మనవాళ్లు రెండో రోజే పాత సామాన్లవాడికి వేసేస్తారు. ఆన్‌లైన్ పేజీ రేపటికి మారిపోవచ్చు. కొన్న రోజే తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీయండి, బిల్లుతో పాటు పెట్టెనూ దాచండి. 1915కు ఫోన్ చేసి కేసు వేసినట్టు నిశ్చింతగా కూర్చోవద్దు. అది హెల్ప్‌లైన్ మాత్రమే, కమిషన్‌లో కేసు వేయడానికున్న రెండేళ్ల గడువు దాని కోసం ఆగదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా ఆదోనివాళ్లు కర్నూలులోనూ, ప్రొద్దుటూరువాళ్లు కడపలోనూ వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకపోయినా వింటారు. పెట్టె మీద, అదే భాషలో, అదే సైజులో ‘ఫలానా ఫోన్‌తోనే’ అని ఉండి కూడా చదవకుండా కొన్నారా, మీకు కేసు లేదు.