పాస్‌వర్డ్: దొంగ ఊహకు అందకుండా



బళ్లారిలో ఉన్నా బరంపురంలో ఉన్నా, మన బ్యాంకు ఖాతా, ఈమెయిలు, పింఛను వివరాలు ఫోనులోకి చేరాయి గనుక ఈ సంగతి ప్రతి ఇంటికీ సంబంధించినదే.

2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుండి సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్లు దొంగల పాలయ్యాయి. వాటిలో అందరికంటె ఎక్కువమంది పెట్టుకున్నది 123456! మనవారిలో అనేకులు పిల్లవాని పేరుకు పుట్టిన సంవత్సరం తగిలిస్తారు. కొందరు యోహాను 3:16 అని పెట్టి, ఎవరికీ తట్టదనుకుంటారు. లోకమంతా ఎరిగిన వచనం దొంగ ఎరుగడా? ఎస్ అక్షరానికి బదులు డాలరు గుర్తు పెట్టడమూ వానికి పాత సంగతే.

దొంగ ఒక్కొక్కటి టైపు చేస్తూ కూర్చోడు. సంస్థ నుండి దొంగిలించిన దస్త్రంలో పాస్‌వర్డ్లను దాచిన పద్ధతి బలహీనమైతే, కంప్యూటరు సెకనుకు 100 కోట్ల ఊహలు చేయగలదు. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో కుదిరే కూర్పులన్నీ 20,882 కోట్లు. అంటే మూడున్నర నిమిషాల పని.

మరి మార్గమేమి? 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే అమెరికా దేశస్థుడు డైస్‌వేర్ అనే పద్ధతి చెప్పాడు. 7,776 మాటల జాబితా నుండి పాచికలు వేసి మాటలు ఎన్నుకోవడమే అది. దీనిని మనం తెలుగులో చేసుకోవచ్చు. నోటుబుక్కులో 1,296 చిన్న తెలుగు మాటలు రాసి, 1 నుండి 6 వరకు ఉన్న అంకెలతోనే 1111 మొదలు 6666 దాకా సంఖ్యలు వేయండి. వైకుంఠపాళి పాచిక నాలుగుసార్లు వేస్తే ఒక మాట వస్తుంది. అలా ఆరు మాటలు తీసి వరుసగా కలపండి. గొడుగు, మేక, అటక, చింత... అర్థం కుదరకపోవడమే మేలు. నచ్చలేదని మళ్లీ పాచిక వేయకూడదు, బలమంతా అక్కడే ఉంది. నోటుబుక్కు దొంగకు దొరికినా, పైన చెప్పిన వేగంతో అన్ని కూర్పులూ చూడడానికి సుమారు 150 ఏళ్లు పడుతుంది.

'చింత'ను ఇంగ్లీషు అక్షరాలలో తలా ఒక విధంగా రాస్తాం గనుక స్పెల్లింగు కూడా జాబితాలోనే రాసుకోండి. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లలో వేసవి సెలవులకు ఇది మంచి పని.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే పాత నియమం అవసరం లేదని అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో చెప్పింది. బయటపడిందని అనుమానముంటే మాత్రం వెంటనే మార్చాలి. ఈమెయిలుకు పెట్టినది మరెక్కడా పెట్టకండి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్లు మార్చే దారి చాలావరకు ఈమెయిలు గుండానే పోతుంది. గుర్తుండదంటే కాగితంమీద రాసి బీరువాలో దాచుకోవచ్చు, ఫోను కవరులో మాత్రం వద్దు.