పశువైద్యమునకు అగు ఖర్చును ముందుగా తెలిసికొనుట

పాడి పశువు జబ్బు పడినపుడు రైతునకు రెండు భయములు కలుగును. పశువు దక్కునో దక్కదో అనునది ఒకటి. వైద్యమునకు ఎంత అగునో అనునది రెండవది. మొదటి దానిని గూర్చి ఇట్టి పత్రికలలో విరివిగా వ్రాయుదురు. రెండవ దానిని గూర్చి వ్రాయుట అరుదు. కాని పల్లెలలో పశువులు చేజారిపోవుటకు ఈ రెండవ భయము కూడ ఒక కారణమే. కిందటిసారి అనుకోకుండ అయిన ఖర్చును తలచుకొని, "రేపటిదాకా చూద్దాం, పసరు పోసి చూద్దాం" అని రైతు డాక్టరును పిలుచుటకు ఆలస్యము చేయును.

పాలజ్వరము వచ్చిన గేదె రేపటిదాకా ఆగదు. ఈనిన తరువాత రెండు మూడు దినములలో ఎక్కువగా వచ్చు ఈ జబ్బులో రక్తములోని కాల్షియం పడిపోవును. పశువు లేవలేక, మెడను డొక్క వైపునకు త్రిప్పి పడుకొనును. వైద్యము లేనిచో ఒక్క దినములోనే ప్రాణము పోవచ్చును. సకాలములో నరములోనికి కాల్షియం ఎక్కించినచో చాల పశువులు కొద్ది గంటలలోనే లేచి నిలబడును. ఇట్టి సమయములో ధర అడుగుచు కూర్చుండుటకు వీలు లేదు. కావున ధరల సంగతి పశువు ఆరోగ్యముగా ఉన్న దినములలోనే విచారించి ఉంచుకొనవలెను.

అనుకోని ఖర్చు ఎక్కడనుండి వచ్చును? డాక్టరు గారు వచ్చి చూచినందుకు ఇచ్చు రుసుమే మొత్తము ఖర్చని చాలమంది తలచెదరు. అది మొదటి మెట్టు మాత్రమే. దూరపు ఊరైనచో దారిఖర్చు, రాత్రి వేళ పిలిచినచో అదనపు రుసుము, మందులు, సూదులు, సెలైను గొట్టములు, పాల పరీక్ష, మరునాడు మరల వచ్చి చూచినందుకు మరల రుసుము, ఇవన్నియు దాని వెంట వచ్చును. వీనిలో ఏదియు అన్యాయము కాదు. ముందు చెప్పకుండుటయే తగవునకు మూలము.

పొదుగువాపును ఉదాహరణగా తీసికొందము. ఈ క్రింది అంకెలు లెక్క చూపుటకే. మీ ఊరి ధరలు వేరుగా ఉండవచ్చును. మొదటి రాకకు రు. 400. తరువాతి రెండు దినములు వచ్చి చూచినందుకు 250 చొప్పున రు. 500. మూడు దినముల ఇంజక్షన్లకు, చన్నులోనికి ఎక్కించు మందు ట్యూబులకు రు. 1,350. సూదులు మొదలగు వానికి రు. 150. మొత్తము రు. 2,400. రైతు మనసులో అనుకొన్నది మాత్రము 400. రెండవ దినమున సంగతి తెలిసి, "కొంచెం తగ్గింది కదా" అని వైద్యము మాన్పించినచో వాపు మరల తిరుగబెట్టును. ఒక చన్ను శాశ్వతముగా ఎండిపోవచ్చును. మూడు చన్నుల గేదెకు సంతలో ఏమి ధర పలుకునో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

పై లెక్కలోనికి రాని ఖర్చు ఇంకొకటి ఉన్నది. దానిని ఏ బిల్లులోను వ్రాయరు. యాంటిబయాటిక్ మందు వాడిన పశువు పాలను చికిత్స జరుగు దినములలోను, తరువాత మందు పెట్టె మీద వ్రాసిన గడువు తీరువరకును అమ్మకూడదు. అట్టి గడువు నిర్ధారణ కాని మందునకు పాల విషయములో కనీసము 7 దినములు ఆగవలెనని ఔషధ నిబంధనలు చెప్పుచున్నవి. దినమునకు 8 లీటర్లు ఇచ్చు గేదెకు 3 దినముల చికిత్స, 4 దినముల గడువు అనుకొన్నచో 56 లీటర్లు పోవును. లీటరు రు. 45 చొప్పున రు. 2,520. అనగా బిల్లు కంటె ఎక్కువ. కావున ధర అడుగునపుడు, "ఈ మందు వాడితే ఎన్ని రోజులు పాలు పోయకూడదు?" అని కూడ అడుగవలెను. ధర తక్కువయైన మందునకు గడువు ఎక్కువ ఉన్నచో అది చౌక కాదు.

ఉచితముగా లభించు సేవలకు డబ్బు ఇచ్చుకొనుట మరియొక పొరపాటు. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద గాలికుంటు టీకాలను, పెయ్యదూడలకు ఈసుడు రోగపు టీకాను ఉచితముగా వేయుదురు. వీనికి ఎవరికిని ఏమియు ఇవ్వనక్కరలేదు. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను సంచార పశువైద్య వాహనములను ప్రవేశపెట్టి, 1962 నంబరును వాని కొరకు కేటాయించిరి. ఆ వాహనము మీ మండలమునకు ఏ వేళలలో వచ్చునో ముందే విచారించి, గోడ మీద వ్రాసియుంచుకొనుడు. ప్రభుత్వ పశువైద్యశాలలో నిలువ ఉన్న మందులను అక్కడనే ఇత్తురు. లేని వానికి చీటీ వ్రాసి బయట కొనుమందురు. ఖర్చు మొదలగునది ఆ చీటీతోనే. కావున ఆసుపత్రిలో నుండగానే, "ఇందులో ఇక్కడ దొరికేవి ఏవి? బయట కొనేవాటికి ఎంతవుతుంది? ఇదే మందు ఇంకో కంపెనీది తక్కువలో ఉందా?" అని అడుగుడు. అది తప్పు కాదు.

మందుల ధర విషయములో రైతు చేతిలో ఒక బలమైన ఆధారమున్నది. ప్రతి సీసా మీదను, పెట్టె మీదను గరిష్ఠ ధర అచ్చు వేసి ఉండును. అన్ని పన్నులును అందులోనే కలిసియుండును. దానికి మించి పుచ్చుకొనుటగాని, దాని మీద మరల పన్ను కలుపుటగాని కూడదు. పశువైద్యశాలలు చేయు చికిత్స మీద జి.యస్.టి. లేదు. డాక్టరు తన సంచిలోని మందు వాడినను సీసా చూపుమని అడుగవచ్చును. వాడిన ఖాళీ సీసాలను పారవేయక ఒక సంచిలో వేసి, పిల్లలకు అందని చోట వారము దినములు దాచుడు. ఇందువలన ధర సరిచూచుకొనుట ఒక లాభము. ఇంకొక డాక్టరును పిలువవలసి వచ్చినచో అంతవరకు ఏమి ఎక్కించిరో ఆయనకు వెంటనే తెలియుట అంతకంటె పెద్ద లాభము.

ఇక పల్లెలలో మోటారు సైకిలు మీద సంచి వేసికొని తిరుగు కొందరిని గూర్చి చెప్పవలెను. "చూసినందుకు ఏమీ వద్దు, మందుల డబ్బు ఇవ్వండి చాలు" అందురు. రైతునకు ఈ మాట తీయగా ఉండును. కాని రాక రుసుము లేనివాడు తన జీతమును మందులలోనే రాబట్టుకొనవలెను గదా. ఒక ఇంజక్షను చాలిన చోట మూడు పడును. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము పశువైద్యము చేయు అధికారము రిజిస్టరైన పశువైద్యులకే ఉన్నది. డిప్లొమా పొందిన సహాయకులు ప్రభుత్వము అనుమతించిన చిన్న సేవలను రిజిస్టరైన వైద్యుని పర్యవేక్షణలో చేయవచ్చును. రుసుము ఇంత అని స్పష్టముగా చెప్పి, చీటీ వ్రాసి యిచ్చు డాక్టరే చివరకు చౌక అని మా అభిప్రాయము.

ఈ చిక్కు మన పల్లెలకే పరిమితము కాదు. బ్రిటన్‌లో ఇండ్లలో పెంచు కుక్కలు, పిల్లుల వైద్యపు ధరల మీద అక్కడి మార్కెట్ల పర్యవేక్షణ సంస్థ 2023లో సమీక్ష ప్రారంభించగా సుమారు 56,000 మంది తమ అనుభవములను వ్రాసి పంపిరి. నూటికి 80కి పైగా వైద్యశాలలు మామూలు సేవల ధరలనైనను తమ వెబ్‌సైట్లలో తెలుపుటలేదని 2024లో ఆ సంస్థ ప్రకటించి, పూర్తి విచారణకు పూనుకొన్నది. అంత చదువు, సంపద ఉన్న దేశములోనే అట్లున్నపుడు, అడుగుటకు మన రైతు సంకోచించుటలో వింత లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదనుట మరువరాదు.

ఎట్లు అడుగవలెను? డాక్టరు గారిని తప్పుపట్టునట్లు కాక, పని తెలిసికొనునట్లు అడుగవలెను. ఫోనులోనే ఇట్లు చెప్పవచ్చును: "డాక్టరు గారూ, మా గేదెకు నిన్నటి నుంచి పొదుగు వాచింది, పాలు విరిగినట్లు వస్తున్నాయి. తమరు వచ్చి చూడడానికి ఎంతవుతుంది? మందులు తమరే తెస్తారా, మమ్మల్ని కొనమంటారా? మళ్ళీ రావలసి వస్తే దానికి వేరేగా ఇవ్వాలా?" ఈ మూడు ప్రశ్నలకు ఏ డాక్టరైనను జవాబు చెప్పగలడు. చెప్పలేనిది జబ్బు ఎంతవరకు పోవునో అనునది. దూడ అడ్డము తిరిగినపుడు చేతితో తీయవచ్చునో, కోసి తీయవలెనో చేయి పెట్టి చూచినగాని తెలియదు. అట్టిచోట ఒకే మొత్తము చెప్పుమని పట్టుబట్టుట న్యాయము కాదు. "చేతితో వస్తే ఎంత, ఆపరేషను చేయవలసి వస్తే సుమారు ఎంత? అది దాటేటట్లుంటే మాకు ఒక మాట చెప్పండి" అని అడిగిన చాలును. అర్ధరాత్రి వానలో వచ్చి రెండు గంటలు శ్రమపడిన వైద్యునకు తగిన రుసుము ఇచ్చుటకు వెనుదీయరాదు. బేరము వేరు, తెలిసికొనుట వేరు.

డబ్బు ఇచ్చిన ప్రతిసారి రసీదు తీసికొనుడు. రసీదు పుస్తకము లేనిచో తెల్ల కాగితము మీదనైనను తేది, పశువు చెవిపోగు నంబరు, మందుల పేర్లు, రుసుము వేరుగా, మందుల ధర వేరుగా వ్రాయించుకొనుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, డబ్బు పుచ్చుకొని చేసిన సేవలో లోపము ఉన్నచో జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. స్వయముగా శ్రమపడి బ్రతుకుతెరువు కొరకు పాడి నడుపుకొను రైతు కూడ ఈ చట్టము దృష్టిలో వినియోగదారుడే. ఉచిత సేవకు మాత్రము ఈ చట్టము వర్తించదు. సలహా కొరకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. కాగితము లేనిచో ఫిర్యాదు నిలుచుట కష్టము.

పశువుల బీమా సాధారణముగా పశువు చనిపోయినపుడు సొమ్ము ఇచ్చునేగాని, వైద్యపు బిల్లు కట్టదు. కావున పాల డబ్బు అందినపుడెల్ల లీటరుకు ఒక రూపాయి చొప్పున వేరుగా ఉంచినచో, 8 లీటర్ల గేదె మీద నెలకు రు. 240 నిలుచును. పది నెలలకు రు. 2,400. పైన చూపిన పొదుగువాపు బిల్లు అంతే గదా.

ఒంటరిగా అడుగుటకు జంకువారు పాల సంఘము ద్వారా అడుగవచ్చును. ఊరికి వచ్చు డాక్టరు గారిని సంఘపు సమావేశమునకు పిలిచి, పగటి రాకకు, రాత్రి రాకకు, చూడి పరీక్షకు, ఈత కష్టమునకు, మాయ పడనపుడు చేయు చికిత్సకు రుసుములు ఆయన చేతనే చెప్పించి, పాలు పోయుచోట పలక మీద వ్రాయించుడు. మందుల ధర వేరు అని కూడ అందులో వ్రాయవలెను. ఆరు నెలలకొకసారి ఆయనతో మాటలాడి సవరించుకొనవచ్చును. తనకును ప్రతి వాకిట తగవు తప్పును గనుక డాక్టరు గారు ఇందుకు సాధారణముగా కాదనరు. పలక మీద ఆయన ఫోను నంబరును, ప్రక్కనే 1962ను పెద్ద అక్షరములతో వ్రాయించుడు.