పసికందు అద్దాల గదిలో ఉన్నప్పుడు అమ్మానాన్నలకు సెలవు ఎంత?

నెలలు నిండకుండా పుట్టిన పాపను నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో చేర్చుకున్నప్పుడు ఇంటివారు మొదట అడిగే ప్రశ్న "పాప బతుకుతుందా, డాక్టరమ్మా?" అని. రెండో ప్రశ్న కాసేపటికి, కొంచెం మొహమాటంగా వస్తుంది. "ఎన్ని రోజులు ఉండాలె?" అని. ఆ ప్రశ్నలో పని పోతుందేమోనన్న భయం ఉంది, కూలి పోతుందన్న దిగులు ఉంది. అడగడానికి సిగ్గుపడవలసిన ప్రశ్న కాదది. తల్లిదండ్రులు ఎన్ని రోజులు బిడ్డ దగ్గర ఉండగలరన్నది బిడ్డ ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. అందుకే ఈ సంచికలో దాని గురించి తెలుసుకుందాం.

తల్లి దగ్గర ఉండడం కూడా చికిత్సే

"బిడ్డ అద్దాల పెట్టెలో ఉంది, నర్సమ్మలు చూసుకుంటున్నారు, తల్లి ఉండి చేసేదేముంది?" అని కొందరు అనుకుంటారు. చేసేది చాలా ఉంది.

మొదటిది, తల్లిపాలు. నోటితో చీకలేని బిడ్డకు తల్లి పాలు పిండి ఇస్తే, గొట్టం ద్వారా పట్టిస్తారు. పగలూ రాత్రీ కలిపి సుమారు ఎనిమిదిసార్లు పిండితేనే పాలు నిలుస్తాయి. తల్లి పనికి వెళ్లిపోతే కొద్ది రోజుల్లోనే పాలు తగ్గిపోతాయి.

రెండవది, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టడం. దీనిని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో ఇది మొదలైంది. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంతో సహా అయిదు దేశాలలో జరిగింది. పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టిన తక్కువ బరువు బిడ్డలలో, ఆరోగ్య పరిస్థితి నిలకడయ్యాక మొదలుపెట్టిన వారితో పోలిస్తే, మొదటి 28 రోజుల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ మరుసటి సంవత్సరం, అంటే 2022లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సంరక్షణను రోజుకు 8 నుండి 24 గంటల వరకు ఇవ్వాలని చెప్పింది. అదే మార్గదర్శకాలలో, నెలలు నిండని బిడ్డల తల్లిదండ్రుల అవసరాలకు తగినట్టు సెలవు నియమాలు ఉండాలని కూడా చెప్పింది.

రోజుకు ఎనిమిది గంటలు బిడ్డను గుండెకు హత్తుకోవలసిన తల్లి, రోజుకు ఎనిమిది గంటలు డ్యూటీ చేయలేదు. సెలవు లేకపోతే ఈ మందు బిడ్డకు అందదు.

చట్టం ఏమి ఇస్తుంది?

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. ఆ సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో కూడిన సెలవు ఉంది. ఇప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్న తల్లికి 12 వారాలు. ఫ్యాక్టరీలకు, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలకు, సంస్థలకు, ప్రైవేటు పాఠశాలలు, ఆసుపత్రులతో సహా ఇది వర్తిస్తుంది. ప్రసవం కావలసిన తేదీకి ముందు 12 నెలలలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ నియమాలు 2020 సామాజిక భద్రతా స్మృతిలో చేరాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న మహిళకు ఈ డబ్బు యజమాని కాక ఇ.ఎస్.ఐ. సంస్థ ఇస్తుంది. అక్కడ 70 రోజుల చందా చెల్లింపు చూస్తారు.

26 వారాలంటే ఆరు నెలలు, చాలినంత ఉంది కదా అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక తల్లికి ఏడో నెలలోనే కాన్పు అయిందనుకోండి. బిడ్డ ఏడు వారాలు ప్రత్యేక విభాగంలో ఉంది. సెలవు కాన్పు రోజునుండే నడుస్తుంది కాబట్టి, బిడ్డ ఇంటికి వచ్చేసరికి 19 వారాలే మిగులుతాయి. ఆ తల్లికి ఇది మూడో కాన్పయితే 12లో ఏడు పోయి అయిదు వారాలే మిగులుతాయి. నిండు నెలల బిడ్డ తల్లికీ, ఈ తల్లికీ చట్టం ఇచ్చే వారాలు ఒకటే. కానీ ఈ తల్లి వారాలు చాలావరకు ఆసుపత్రి వరండాలోనే గడిచిపోయాయి.

చాలామందికి తెలియని ఒక నెల

1961 చట్టం పదో సెక్షనులో ఒక మేలు ఉంది. గర్భం వలన, కాన్పు వలన, నెలలు నిండకుండా బిడ్డ పుట్టడం వలన తల్లికి అనారోగ్యం కలిగితే, మామూలు సెలవుకు పైగా ఇంకొక నెల వరకు జీతంతో సెలవు తీసుకోవచ్చు. కొత్త స్మృతిలోనూ ఇది ఉంది. ఇ.ఎస్.ఐ.లోనూ ఉంది.

అయితే ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. చట్టం చూసేది తల్లి అనారోగ్యాన్ని. బిడ్డ ఎన్ని రోజులు వార్డులో ఉందన్నది సెలవు లెక్కలోకి రాదు. కాబట్టి "బిడ్డ ఆసుపత్రిలో ఉంది" అన్న చీటీ ఒక్కటే చాలదు. కాన్పు తరువాత తల్లికి రక్తహీనత, బి.పి., కుట్లు మానకపోవడం, విపరీతమైన దిగులు, నిద్రలేమి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. నిజంగా ఉన్న జబ్బునే డాక్టరు రాస్తారు. అది రాసిన ధ్రువపత్రమే ఆ నెల సెలవుకు ఆధారం. బిడ్డను చూసుకునే హడావిడిలో తన ఒంటి సంగతి మరిచే తల్లి, ఆరోగ్యంతో పాటు ఈ హక్కును కూడా పోగొట్టుకుంటుంది.

బీడీలు చుట్టే తల్లులు, చెరకు కొట్టే కుటుంబాలు

మన జిల్లాలో వేలాది మంది మహిళలు ఇంట్లో చాట ముందర కూర్చుని బీడీలు చుడతారు. "మాకు సెలవేంది?" అని వారు అనుకుంటారు. కానీ 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారికి కూడా ప్రసూతి ప్రయోజనాన్ని వర్తింపజేసింది. అదే చట్టం ఇంటి కార్మికులకు రెండు మినహాయించింది. ఒకటి వైద్య బోనసు, రెండవది మనం పైన చెప్పుకున్న అదనపు నెల. అంటే నెలలు నిండని బిడ్డ తల్లులలో ఎక్కువ అవసరం ఉన్నవారినే ఆ నెల దాటిపోయింది. ఈ 1966 చట్టం కూడా ఇప్పుడు కొత్త స్మృతులలో కలిసింది. కాబట్టి బీడీ కార్డు, పి.ఎఫ్. కాగితాలు తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి, మీకు రావలసినదేమిటో దరఖాస్తు పెట్టి అడగండి. కార్డు అత్త పేరున ఉండి చుట్టేది కోడలయితే, కాన్పు నాటికి కోడలి పని ఏ పుస్తకంలోనూ కనిపించదు. పెళ్లయి వచ్చిన కోడలి పేరున కార్డు చేయించండి.

బోధన్ వైపు సంగతి వేరు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ పని అంటే హాజరు పట్టీ, జీతం చీటీ ఉంటాయి. చెరకు కొట్టే కూలికి, వరినాట్లకు పోయే కూలికి అవేవీ ఉండవు. వారికి జీతంతో సెలవు ఇచ్చే యజమాని లేడు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సహాయం ఇవ్వాలని చెప్పింది. గర్భం తెలియగానే అంగన్‌వాడీలో, ఎ.ఎన్.ఎం. దగ్గర పేరు రాయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇచ్చిన హక్కు ఇది. కూలి పోయిన రోజులలో ఖర్చయినా తగ్గుతుంది.

తండ్రి సంగతి ఏమిటి?

బిడ్డను హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రికి పంపితే, ఆపరేషన్ అయిన తల్లి నిజామాబాదులోనే ఉండిపోతుంది. అప్పుడు అంబులెన్సులో వెళ్లేది తండ్రే. ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. కేంద్ర ఉద్యోగులు దానిని కాన్పయిన ఆరు నెలలలోగా వాడుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగికి, కూలికి చట్టం ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. తండ్రి కూడా కంగారూ సంరక్షణ ఇవ్వవచ్చు. తండ్రి ఛాతీ వెచ్చదనం కూడా బిడ్డకు మేలే చేస్తుంది.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 2023లో చేసిన చట్టం 2025 ఏప్రిల్ 6 నుండి అమలవుతోంది. పుట్టిన 28 రోజులలోగా ఆసుపత్రిలో చేరి, వరుసగా ఏడు రోజులు లేదా ఎక్కువ ఉన్న బిడ్డ తల్లికీ, తండ్రికీ చెరో 12 వారాల వరకు అదనపు సెలవు ఇస్తారు. అర్హత గలవారికి వేతనమూ ఇస్తారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2026 జనవరి నుండి ఇటువంటి బిడ్డల తల్లిదండ్రులకు మరో 12 వారాల వరకు వేతనంతో సెలవు వచ్చింది. అక్కడ సెలవును బిడ్డ ఆసుపత్రిలో ఉన్న కాలంతో ముడిపెట్టారు. మన చట్టంలో చేరవలసిన మాట అదే.

మీరు చేయవలసినవి

1. ముందుగా నోటీసు ఇవ్వలేదని భయపడకండి. ఏడో నెలలో కాన్పు వస్తుందని ఎవరికి తెలుసు? కాన్పు తరువాత వీలైనంత త్వరగా నోటీసు ఇచ్చినా చెల్లుతుంది.

2. ఆసుపత్రినుండి మూడు కాగితాలు అడిగి తీసుకోండి: కాన్పు ధ్రువపత్రం, బిడ్డ చేరిన తేదీ ఉన్న పత్రం, తల్లి అనారోగ్యం ఉంటే దాని ధ్రువపత్రం. తల్లికి డిశ్చార్జి ఇచ్చారు గనుక పనికి రావచ్చని యజమాని అనుకోకుండా ఇవి ఉపయోగపడతాయి.

3. కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటలలోగా మిగిలిన ప్రసూతి వేతనం చెల్లించాలని నియమం. దరఖాస్తు నకలు మీ దగ్గర ఉంచుకోండి.

4. సెలవులో ఉన్న బాలింతను పనినుండి తీసివేయడం చట్ట విరుద్ధం. అలా జరిగితే కార్మిక శాఖకు రాతపూర్వకంగా తెలపండి.

5. పనికి తిరిగి వెళ్లాక బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఉంటాయి. అడగండి.

6. ఒకవేళ బిడ్డ దక్కకపోయినా, తల్లి ప్రసూతి సెలవు రద్దు కాదు. ఆ దుఃఖంలో ఎవరూ ఆమెను మరునాడే పనికి రమ్మనకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో ఇటువంటి తన మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక సెలవు ప్రకటించింది.

సంఘ కుటుంబాలు చేయగలిగినది

చట్టం చేరని ఇంటికి ఇరుగుపొరుగు చేరగలరు. ఆసుపత్రిలో ఉన్న బాలింతకు వంతులవారీగా అన్నం క్యారియరు పంపవచ్చు. ఇంటి దగ్గర పెద్దపిల్లలను బడికి పంపవచ్చు. కోతల రోజులలో తండ్రికి బదులు ఒకరు చేనుకు పోవచ్చు. మనలో దుకాణం, మిల్లు, పాఠశాల నడిపేవారు ఉన్నారు. మీ దగ్గర పనిచేసే మనిషి బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, చట్టం అడగకపోయినా తండ్రికి ఒక వారం జీతం కోయకుండా సెలవు ఇవ్వండి. ఒక వారం జీతం మీకు పెద్ద నష్టం కాదు. ఆ ఇంటికి అది అప్పు చేయకుండా గడిచే వారం.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో పనికి వెళ్లే ఆడవారి పేరు ఏ పుస్తకంలో, ఏ కార్డులో ఉంది?

2. నెలలు నిండకుండా కాన్పు వస్తే ఆసుపత్రిలో ఎవరు ఉంటారు, ఇల్లు ఎవరు చూస్తారు?

3. మన వీధిలో ఇప్పుడు అటువంటి బిడ్డ ఉన్న కుటుంబం ఉందా? ఈ వారం మనం వారికి ఏమి చేయగలం?