వరుసలో నిలుచుట: అమెరికా ఫుట్‌బాలులో రెఫరీల సంజ్ఞలు

అమెరికావారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన బాలురు ఆడునది కాదు. అందు బంతి కోలగా నుండును. దానిని తన్నుటకంటె చేతితో విసరుటయు, పట్టుకొని పరుగెత్తుటయు హెచ్చు.

ప్రతి ఎత్తునకు ముందు బంతిని నేల నుంచి ఇరుపక్షములవారును దాని కిరుప్రక్కల బారులు తీరుదురు. బంతి పొడవెంతయో, అనగా సుమారు 11 అంగుళములు, అంత మేర నడుమ విడువవలెను. బంతి నందించువాడు తప్ప మరెవ్వరును అందు కాలైనను మోపరాదు. బంతిగల పక్షమున 11 మందిలో ఏడుగురైనను గీతమీద నుండవలెను. తక్కినవారు వెనుకకు తగ్గవలెను. అయితే ఆ గీత సున్నముతో గీచినది కాదు, ఊహించుకొనవలసినదే. నల్లబల్లపై గీచి చూపువరకు మా తరగతివారికిది బోధపడలేదు.

బంతికి దూరముగా చివర నిలుచువానికి తన పాద మెచ్చటనున్నదో తెలియుట కష్టము. అందుచేత అతడు మైదానపు టంచున గీతకు సూటిగా నిలిచిన అధికారివైపు తిరిగి వ్రేలు చూపి అడుగును. అధికారి తల యూపును, లేదా వెనుకకు జరుగుమని చేసన్న చేయును. ఆయన చేయి వెనుకకు చాచినచో, తనవైపు చివరివాడు గీతమీద లేడని అర్థము. ఇది ముఖ్యముగా ఏడుగురిని లెక్కించు తోటి అధికారులకొరకైనను, ఆటగాండ్రును దీనిని చదువ నేర్తురు.

2023 డిసెంబరు 10వ తేదీన కాన్సాస్ సిటీ చీఫ్స్, బఫెలో బిల్స్ జట్లు తలపడినవి. ముగియుటకు రెండు నిమిషములైన లేదు. చీఫ్స్ 17, బిల్స్ 20. అప్పుడు ట్రావిస్ కెల్సీ బంతి నందుకొని వెనుకకు విసరగా, కదారియస్ టోనీ పరుగెత్తి గమ్యము చేరెను. జనులు కేకలు వేసిరి. కాని గుడ్డ నేలబడియే యున్నది! టోనీ ఆదిలోనే గీత దాటి నిలిచెనట. ఆ పరుగు రద్దాయెను, చీఫ్స్ ఓడిరి.

ముందు హెచ్చరించుట వాడుక కదా యని శిక్షకుడు ఆండీ రీడ్, నాయకుడు పాట్రిక్ మహోమ్స్ మండిపడిరి. హెచ్చరిక విధి కాదు, సరిగా నిలుచు భారము ఆటగానిదే యని రెఫరీ కార్ల్ చెఫర్స్ బదులిచ్చెను. తప్పు స్వల్పమైనచో చెప్పియుందుమనెను. మాకు రెఫరీ మాటయే న్యాయమని తోచుచున్నది. అయినను ప్రతి వారము హెచ్చరిక విన్నవాడు అది తన హక్కని తలచుట వింత కాదు.

మరునాడు మహోమ్స్ తన కోపమునకు చింతించెను. అధికారులను దూషించినందుకు లీగువారు అతనికి 50,000 డాలర్లు, రీడ్‌గారికి 1,00,000 డాలర్లు జరిమానా విధించిరి.