చెక్కే యంత్రం - రేగే ధూళి

సంస్కృతంలో వడ్రంగికి తక్షకుడని పేరు. తక్షణమంటే చెక్కడం. ఉలి, బాడిత చేసిన ఆ పనిని నేడు అనేక కార్ఖానాలలో సి.ఎన్.సి. రౌటర్ అనే యంత్రం నిర్వహిస్తున్నది. సంఖ్యల రూపంలో ఇచ్చిన ఆదేశాలతో లోహాన్ని మలిచే యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రదర్శించింది. రౌటర్ ఆ సూత్రానికి కొనసాగింపే. ఇందులోని కదురును స్పిండిల్ అంటారు. అది సాధారణంగా నిమిషానికి 18,000 నుంచి 24,000 సార్లు తిరుగుతూ, కొనకు బిగించిన బిట్టుతో చెక్కను తొలుస్తుంది. తలుపు మీది లతలు, పూజామందిరపు తోరణాలు గంటల వ్యవధిలో రూపుదిద్దుకొంటాయి.

అయితే ఉలి రాల్చిన పేళ్లు నేల మీద పడతాయి. రౌటర్ వెదజల్లే సన్నని పొడి గాలిలో తేలుతుంది. ఇంగ్లండులోని హై వికమ్ పట్టణం కుర్చీల తయారీకి ప్రసిద్ధి. అక్కడి కలపపనివారిలో అరుదైన నాసికా క్యాన్సరు అసాధారణంగా కనిపిస్తున్నదని శస్త్రవైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ గమనించారు. ఆమె, సహపరిశోధకులు ఆ విషయాన్ని 1968లో వెల్లడించారు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో చెక్కపొడిని మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాలలో చేర్చింది. ఎం.డి.ఎఫ్. పలకలలో చెక్కనారను అతికించే జిగురు సాధారణంగా ఫార్మాల్డిహైడ్‌తో తయారవుతుంది. 2004లో ఆ సంస్థ దానినీ అదే వర్గంలో చేర్చింది. ముక్కుకు తువాలు చుట్టుకొని పనిచేసే కార్మికుడికి ఆ తువాలు ఇచ్చే రక్షణ అత్యల్పం.

ధూళిని పుట్టినచోటనే పట్టుకోవడం ఉత్తమమార్గం. బిట్టు చుట్టూ కుచ్చు అంచుగల తొడుగును అమర్చి, దానికి గొట్టం తగిలించి, పంఖాతో గాలిని పీలుస్తారు. ఈ తొడుగును డస్ట్ షూ అంటారు. దారిలో సైక్లోన్ అనే శంఖాకారపు పాత్ర ఉంటే గాలి అందులో సుడులు తిరుగుతుంది. బరువైన పొట్టు కింది డబ్బాలో పడుతుంది, సన్నని పొడి మాత్రమే వడపోతకు చేరుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో రాపిడి వల్ల పుట్టే స్థిరవిద్యుత్తును రాగితీగ ద్వారా భూమికి కలపాలి.

చిక్కంతా బిట్టు మార్చేటప్పుడే వస్తుంది. తొడుగు బిట్టును కప్పివేస్తుంది, స్పానర్లకు అడ్డు తగులుతుంది. నాలుగు మరలు విప్పితేగాని బిట్టు చేతికందని కార్ఖానాలో పనివాడు ఒకనాడు తొడుగును తీసి పక్కన పెడతాడు, మరల బిగించడు. లేదా మార్చే శ్రమకు జంకి మొద్దుబారిన బిట్టుతోనే పని సాగిస్తాడు. ఇది సోమరితనం కాదు, అమరికలోని లోపం. పదునైన బిట్టు తగిన వేగంతో ముందుకు సాగితే పొట్టు వస్తుంది. మొద్దుబారిన బిట్టు చెక్కను కోయక రాపాడుతుంది. అప్పుడు పొడి పెరుగుతుంది, చెక్క నల్లబడుతుంది. కనుక బిట్టు మార్పును సులభం చేయడం కూడ ధూళి నివారణలో భాగమే. తొడుగును రెండు భాగాలుగా చేసి, పై భాగాన్ని స్థిరంగా బిగించి, కుచ్చు ఉన్న కింది భాగాన్ని అయస్కాంతాలతో నిలిపితే ఒక్క లాగుతో ఊడివస్తుంది.

బిట్టు మార్చే ముందు కదురు పూర్తిగా ఆగాలి, విద్యుత్తును నిలిపివేయాలి. బిట్టును పట్టి ఉంచే చీలికల గొట్టమే కాలెట్. దానిని, కదురులోని గూటిని శుభ్రంగా తుడవాలి. అక్కడ చిక్కిన కొద్దిపాటి పొడి కూడ బిట్టును పక్కకు ఒరగజేస్తుంది, కోత వెడల్పవుతుంది. కాలెట్‌ను ముందుగా నట్టులో చిటుక్కుమనేదాకా అమర్చి, ఆ పిమ్మట నట్టును కదురుకు ఎక్కించి, బిట్టు కాడను చొప్పించి రెండు స్పానర్లతో బిగించాలి. బిట్టు లేకుండా ఉత్త కాలెట్‌ను బిగిస్తే అది పాడవుతుంది. ప్రతి బిట్టు పొడవూ వేరు కనుక దాని కొన ఎత్తును యంత్రానికి మరల తెలియజేయాలి. అనంతరం కుచ్చుభాగాన్ని తగిలించి, ముందుగా పంఖాను నడిపి, పిదప కదురును తిప్పాలి.