అరువు తెచ్చిన బిగువు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుర్రాళ్ళు కొందరు పాత మాజ్డా మియాటాలు కొని నా గ్యారేజీకి తెస్తుంటారు. టాప్ దించి గతుకుల రోడ్డెక్కితే డ్యాష్‌బోర్డు వణుకుతుంది, లోపలి అద్దంలో వెనక బండ్లు రెండుగా కనిపిస్తాయి. బాడీ వంగకుండా అదనంగా బిగించే కడ్డీని బ్రేస్ అంటారు. "అంకుల్, ఏ బ్రేస్ కొనమంటారు?" అని అడుగుతారు. కార్ల బాడీల బిగువు కొలిచే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. వాళ్ళకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు కారు ఎక్కడ వంగుతోందో చూడు. మూత తీసిన అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెడితే ఎలా తిరుగుతుందో, పైకప్పు లేని కారు అలా తిరుగుతుంది. ఆ మెలి భారం చాలావరకు తలుపుల కింద ఉండే సిల్స్ మీదే పడుతుంది. చదునైన నేల మీద ఒక ముందు మూల జాకీ పాయింటు దగ్గర జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా లేపు. అటువైపు తలుపు మెల్లగా తెరిచి వెయ్యి. తలుపు వెనక అంచు పొడవునా ఉన్న సందును పైనా కిందా చూడు. ఇందాక సమానంగా ఉన్నది ఇప్పుడు ఒకచోట ఇరుకై, లాక్ స్ట్రైకర్‌కి రాసుకుంటూ పడుతుంటే బాడీ మెత్తబడిందన్నమాట. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి మాత్రం దూరకు.

2. నీ కారు వంశంలోనే తర్వాత పుట్టిన కార్లను చదువు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. మియాటా 1989లో 1.6 లీటర్ల ఇంజన్‌తో వచ్చింది. 1994 మోడల్‌లో 1.8 ఇంజన్ పెట్టినప్పుడు, సీటు వెనక రెండు బెల్టు టవర్లనూ కలుపుతూ ఒక అడ్డకడ్డీ వేశారు. ముందూ వెనకా సబ్‌ఫ్రేముల దగ్గర కూడా బలం చేర్చారు. కొత్త సైడ్ ఇంపాక్ట్ నిబంధనలు ఇందుకు ఒక కారణం. తేలికదనమే ప్రాణంగా కట్టిన కారులో ఏ ఇంజనీరూ అవసరం లేని ఇనుము చేర్చడు. మొదటి కారు ఎక్కడ మెత్తగా ఉందో వాళ్ళు కొలిచి, తెలుసుకుని పెట్టిన ముక్కలవి. దుకాణంలో మెరిసే రంగు కడ్డీ కన్నా, తర్వాతి కారు నుంచి అరువు తెచ్చిన ఆ ముక్కల మీద నాకు నమ్మకం ఎక్కువ.

బీఎండబ్ల్యూ ఈ36 ఉన్నవాళ్ళు చేసేదీ ఇదే. కన్వర్టిబుల్‌కి ముందు భాగం అడుగున ఎక్స్ ఆకారంలో ఒక బ్రేస్ ఉంటుంది. దాన్ని తెచ్చి కూపేకి, ఎం3కి బిగించుకుంటారు. కూపే అయినా కన్వర్టిబుల్ అయినా అడుగు నిర్మాణం చాలావరకు ఒకటే కాబట్టి అరువు కుదురుతుంది. ఎక్స్ ఆకారం ఊరికే పెట్టింది కాదు. నాలుగు పలకల చట్రం పక్కకు ఒరుగుతుంది, త్రికోణం ఒరగదు.

3. ఒకే వంశమైనంత మాత్రాన ఒకే కొలతలు ఉండవు. పాత 1.6 కారులో 1.8 సబ్‌ఫ్రేము బ్రేస్‌కి కావాల్సిన బ్రాకెట్టు ఉందో లేదో కింద పడుకుని టార్చి వేసి చూడు. ఎగ్జాస్టు తగులుతుందా, ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గుకి చెయ్యి అందుతుందా అన్నది కూడా కొనకముందే తేల్చుకో.

4. తుప్పు పట్టిన సిల్‌కి బ్రేస్ వెయ్యకు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దానికి తోడు మియాటా టాప్ మీద పడ్డ వాన, బెల్టు టవర్ల దగ్గరున్న డ్రెయిన్ గొట్టాల గుండా కిందికి పోవాలి. అందులో ఆకులు, మట్టి అడ్డుపడితే నీళ్ళు సిల్ లోపలే నిలిచి, వెనక చక్రం ముందున్న భాగాన్ని లోపల్నించి తినేస్తాయి. బయట రంగు పొంగిన చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. ఖణేల్‌మనకుండా మొద్దు శబ్దం వస్తే వెల్డింగు పనే మొదలుపెట్టాలి. బ్రేస్ బరువును ఒకచోటినించి మరోచోటికి చేరుస్తుందంతే. చేరిన చోట గట్టి రేకు ఉండాలి. ఈ పని వాయిదా వేస్తానంటే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పక్కనించి గుద్దుకున్నప్పుడు నిన్ను కాచేది ఆ సిల్లే.

5. స్ట్రట్ బార్ అందరికీ ఒకేలా పనిచెయ్యదు. ఈ36 ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు. మలుపులో చక్రం తోపులో కొంత నేరుగా స్ట్రట్ టవర్ మీదే పడుతుంది, కాబట్టి రెండు టవర్లను కలిపితే అర్థముంది. మియాటాకు డబుల్ విష్‌బోన్. పక్క తోపును విష్‌బోన్లు కిందున్న సబ్‌ఫ్రేముకి చేరుస్తాయి. అందుకే మియాటాలో ముందు అడుగున ఖర్చుపెట్టమంటాను. గేర్‌బాక్సునీ డిఫరెన్షియల్‌నీ కలిపే పొడుగాటి అల్యూమినియం ఫ్రేమును చూసి "ఇది ఉందిగా" అనే వాళ్ళున్నారు. అది ఇంజన్ తోపుకి డిఫరెన్షియల్ ఎగరకుండా పట్టుకునేందుకు పెట్టింది, బాడీ మెలిని అది ఆపదు.

6. బెల్టు టవర్ల కడ్డీ రోల్‌బార్ కాదు. కారు పల్టీ కొడితే అది నీ తలను కాపాడదు.

7. జంక్‌యార్డులో కొంటే గుద్దుకున్న కారుది తీసుకోకు. ముక్కను గచ్చు మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయేమో చూడు. రంధ్రాలు కోలగా సాగి ఉంటే వదిలెయ్యి.

8. బిగించేటప్పుడు కారు తన కాళ్ళ మీద తాను నిలబడి ఉండాలి. చక్రాలు వేలాడే లిఫ్టు మీద బాడీ వేరే ఆకారంలో ఉంటుంది. అలా బిగిస్తే ఆ ఒంపునే బోల్టులతో శాశ్వతం చేసినట్టు. చక్రాల కింద ర్యాంపులు పెట్టే రకం లిఫ్టు దొరికితే మంచిది. బోల్టులన్నీ ముందు వేళ్ళతో ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలలు చూసుకుంటూ టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించు. ఆనే చోట రంగూ మట్టీ గీకి శుభ్రం చెయ్యి. ఈ46 ఎం3 అడుగున ఉండే అల్యూమినియం ప్లేటు లాంటివాటికి విప్పిన ప్రతిసారీ కొత్త బోల్టులే వెయ్యాలి. కొన్నాళ్ళు నడిపాక మిగతా బోల్టుల బిగువు మళ్ళీ చూడు.

9. ఒకసారికి ఒక్కటే వెయ్యి. అదే రోడ్డు, అదే వేగం, టైర్లలో అదే గాలి. బ్రేస్ మంచిదైతే స్టీరింగు గట్టిపడినట్టు అనిపించదు. గతుకు దాటాక వచ్చే రెండో వణుకు పోతుంది. బాడీ స్ప్రింగులా ఊగడం మానితే షాక్ అబ్జార్బర్ పని షాక్ అబ్జార్బరే చేసుకుంటుంది. అరిగిపోయిన షాకులూ రబ్బరు బుష్‌లూ అలాగే ఉంచి బ్రేసుల మీద బ్రేసులు వేస్తే బరువు పెరగడం తప్ప తేడా తెలియదు. వాటిని ముందు మార్చు.

10. ఆటోక్రాస్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే రెంచి పట్టకముందే నీ క్లాసు రూల్ పుస్తకం చదువు. కంపెనీ ముక్కే కదా అని వాదిస్తే కుదరదు. కొన్ని క్లాసుల్లో, నీ కారు ఏ ఏడాదిదో ఆ ఏడాది దాంతో వచ్చిందా లేదా అన్నదే నిర్వాహకులు చూస్తారు.