పూత తేదీ చెప్పగలిగితే నర్సరీలో కొలువు

ఖైరతాబాద్ దగ్గర నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెడితే జనం ముందుగా ఆగేది పూలున్న కుండీ దగ్గరే. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన కాగితంపూల మొక్క సరిగ్గా ఆ వారమే విరగబూయాలంటే నీళ్లు, కత్తిరింపు, మందు ఎప్పుడెంతో ముందే లెక్క వేసుకోవాలి. ఉద్యాన విద్యార్థులు పట్టు సాధించాల్సిన లెక్క ఇది.

మొక్కలో జిబ్బరెలిన్ అనే హార్మోన్ ఎక్కువైతే కొమ్మలు సాగుతాయి, చాలా చెట్లలో పూత వెనకబడుతుంది. పాక్లోబ్యూట్రజాల్ ఆ హార్మోన్ తయారీనే అడ్డుకుంటుంది. మామిడి రైతులకు ఇది ‘కల్టార్’ పేరుతో పరిచయమే. సైకోసెల్‌దీ దాదాపు అదే పని. మందార లాంటి కుండీ మొక్కల్ని పొట్టిగా, గుబురుగా ఉంచుతుంది. ఎథెఫాన్ దారి వేరు. దాన్నుంచి వెలువడే ఇథిలీన్ అనాసలో పూత రప్పిస్తుంది. అమెరికాలో వీధి పక్క ఆలివ్ చెట్లకు కాయ పట్టకుండా పూత దశలో చల్లేదీ ఇదే.

సిద్ధాంతం చాలామందికి వస్తుంది. తడబడేది కొలత దగ్గరే.

లీటరుకు 250 గ్రాముల అసలు మందున్న సీసా ఇచ్చి, 10 లీటర్ల నీళ్లలో 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాముల) ద్రావణం కలపమంటే? కావాల్సింది 1 గ్రాము అసలు మందు, అంటే సీసాలోంచి 4 మిల్లీలీటర్లు. పొరపాటున 40 పోస్తే మొక్క గిడసబారిపోతుంది. పైగా పాక్లోబ్యూట్రజాల్ మట్టిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి తర్వాత అదే మట్టిలో నాటిన మొక్కకూ దెబ్బే. అందుకే లేబుల్ చదవడం, ముందు నాలుగైదు కుండీల్లో పరీక్షించడం, చేతి తొడుగులు వేసుకోవడం మొదటి రోజే అలవాటు కావాలి.

ఇంటర్ బైపీసీ చదివినవారు ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌లో చేరవచ్చు. తెలంగాణలో ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, మోజెర్ల కళాశాలలున్నాయి. ఏపీలో వెంకట్రామన్నగూడెం ఉద్యాన వర్సిటీ ఉంది. పదో తరగతి తర్వాతైతే డిప్లొమా.

చదువు తర్వాత నర్సరీలు, ల్యాండ్‌స్కేప్ సంస్థలు, పార్కుల నిర్వహణ, ఉద్యాన శాఖ కొలువులు, పరిశోధన... దారులు చాలానే. డిగ్రీలో ఉండగానే ఒక సీజనంతా కడియంలో పనిచేసి, ఏ మొక్కకు ఏ తేదీన ఎంత మందిచ్చారో, ఎన్ని రోజులకు మొగ్గ తొడిగిందో నోట్‌బుక్‌లో రాసుకున్న విద్యార్థి ఇంటర్వ్యూకి మార్కుల జాబితాతో పాటు ఆ పుస్తకమూ వెంట తీసుకెళ్లాలి.